ఆంధ్ర క్రికెట్‌లో ఆట ప్రమాణాల మార్పు

ఆంధ్ర క్రికెట్‌లో ఆట ప్రమాణాల మార్పు అనగా 1953లో ఆంధ్ర క్రికెట్ సంఘం ఏర్పడిన నాటి నుండి నేటి వరకు ఈ ప్రాంతపు ఆటగాళ్ళ బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు స్థాయిలో తరానికీ తరానికీ మధ్య వచ్చిన తేడా. "మా రోజుల్లో ఆట వేరు" అని పెద్దలు, "ఆ రోజుల్లో అసలు ఆటే లేదు" అని పిన్నలు అనుకోవడం ప్రతి ఊరి అరుగు మీదా వినిపించేదే. రెండు మాటలలోనూ కొంత నిజం ఉన్నది. స్కోరు పుస్తకంలోని అంకెలు మాత్రమే చూసి ఈ వివాదాన్ని తేల్చడం సాధ్యం కాదు. ఆ పరుగులు ఎవరి బౌలింగులో, ఎటువంటి పిచ్ మీద, ఏ నిబంధనల క్రింద వచ్చినవో కూడా చూడవలెను. కోనసీమ వంటి వ్యవసాయ ప్రాంతానికి సంబంధించినంతవరకు మరొక ప్రశ్న కూడా కలదు. ఆట స్థాయి పెరిగినప్పుడు ఆ పెరుగుదల పల్లెటూరి పిల్లవానికి అందిందా, లేక అతనికీ ఆటకూ మధ్య దూరాన్ని మరింత పెంచిందా అనేది ఆ ప్రశ్న.

ఒకే అంకె, రెండు ఇన్నింగ్సులు

ఈ విషయానికి తెలుగునాట దొరికే చక్కని ఉదాహరణ 366 అనే అంకె. 1994 జనవరిలో సికింద్రాబాదు జింఖానా మైదానంలో హైదరాబాదు జట్టు ఆంధ్ర జట్టుపై 6 వికెట్లకు 944 పరుగులు చేసి ఇన్నింగ్సు డిక్లేర్ చేసింది. అందులో ఎం.వి.శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 (నాటౌట్) పరుగులు సాధించారు. రంజీ ట్రోఫీలో ఒక జట్టు చేసిన అత్యధిక స్కోరు ఇదే. ఆంధ్ర బౌలర్లకు ఇంతకంటే చేదు జ్ఞాపకం మరొకటి ఉండకపోవచ్చు.

సరిగ్గా ముప్పై ఏళ్ళకు, 2024 జనవరిలో, అదే హైదరాబాదు తరఫున తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ జట్టుపై మళ్ళీ 366 పరుగులే చేశాడు. అయితే అతను ఆడినవి 181 బంతులు మాత్రమే. 34 ఫోర్లు, 26 సిక్సర్లు కొట్టాడు. 147 బంతులలోనే 300 పూర్తిచేసి, ప్రథమశ్రేణి క్రికెట్‌లో అతి వేగవంతమైన త్రిశతకాన్ని నమోదు చేశాడు.

రెండవ ఇన్నింగ్సు వేగం శ్రీధర్ తరం ఊహకు కూడా అందనిది. కానీ ఆ పరుగులు వచ్చిన సందర్భం వేరు. 1994 నాటి ఆంధ్ర జట్టు బలహీనమైనదే అయినా, నలభై ఏళ్ళుగా రంజీ ఆడుతున్న జట్టు. అరుణాచల్ ప్రదేశ్ రంజీలో ప్రవేశించినది 2018-19లో. 1937-38, 1986-87 సంవత్సరాలలో రంజీ విజేతగా నిలిచిన హైదరాబాదు 2023-24 నాటికి క్రింది శ్రేణియైన ప్లేట్ గ్రూపులో ఆడవలసి వచ్చింది కాబట్టే ఈ మ్యాచ్ జరిగింది. అనగా బ్యాట్స్‌మన్ నైపుణ్యం పెరిగిన కాలంలోనే అతని జట్టు స్థానం దిగజారి ఉన్నది. ఈ రెండు ఇన్నింగ్సులలో ఏది గొప్పదని అడిగేవారు ముందుగా ఈ విషయాన్ని గమనించవలెను.

సి.కె.నాయుడు కాలము

తెలుగు కుటుంబంలో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడు (1895-1967) నాగపూరులో జన్మించాడు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టు తరఫున ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టుపై ఆయన రెండు గంటల లోపే 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు కలవు. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టుకు ఆయనే నాయకుడు. ఏడు టెస్టులలో ఆయన చేసినవి 350 పరుగులు, సగటు 25.

ఈ సగటును నేటి ఆటగాళ్ళ సగటు పక్కన పెడితే నాయుడు సామాన్యుడిగా కనిపిస్తాడు. కానీ అది అన్యాయమైన కొలత. తొలి టెస్టు ఆడేనాటికి ఆయన వయసు 36 దాటింది. ఆ ఏడు టెస్టులూ ఇంగ్లండుపై ఆడినవే. హెల్మెట్ లేదు. ఇంగ్లండులో వాన పడితే తడిసిన పిచ్ మీదనే ఆడవలసి వచ్చేది. మన దేశంలో చాలా చోట్ల పచ్చిక పిచ్ బదులు నేల మీద చాప పరచి ఆడేవారు. కొబ్బరి పీచుతో నేసిన చాప అయితే బంతి ఎత్తుగా లేచి, వేగంగా తిరిగేది. జనపనార చాప అయితే అంతగా లేచేది కాదు. ఒక ఊరి చాపకు అలవాటుపడిన బ్యాట్స్‌మన్ మరొక ఊరిలో తడబడేవాడు. (కొబ్బరి పీచు కోనసీమవారికి నిత్యం కనిపించే వస్తువే. అది ఒకప్పుడు టెస్టు ఆటగాళ్ళ భవిష్యత్తును తేల్చిన సరుకు అని ఇక్కడి విద్యార్థులలో కొద్దిమందికే తెలిసి ఉంటుంది.)

మరొక వైపు కూడా చూడవలసి ఉన్నది. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో పాల్గొన్నప్పుడు అందులో సి.కె.నాయుడు కూడా ఆడాడు. అప్పటికి ఆయన వయసు 58 సంవత్సరాలు. ఆ తరువాత 1956-57లో, అరవై దాటిన వయసులో, ఉత్తర ప్రదేశ్ తరఫున కూడా రంజీ ఆడాడు. ఇది ఆయన దేహదారుఢ్యానికి, పట్టుదలకు నిదర్శనం అనడంలో సందేహం లేదు. అయితే 58 ఏళ్ళ వ్యక్తి రాష్ట్ర జట్టులో స్థానం సంపాదించగలిగాడంటే ఆనాటి ఫీల్డింగు, పరుగు ప్రమాణాలు ఎంత తక్కువగా ఉండేవో కూడా దాని నుండి గ్రహించవచ్చును. నేడు యో-యో పరీక్ష, మైదానంలో జారుతూ బంతిని ఆపడం వంటివి ఇరవై ఏళ్ళ కుర్రవానికే కఠినమైన అర్హతలు. మహా ఆటగాడు మహా ఆటగాడే. ఆయన చుట్టూ ఉన్న సగటు స్థాయి మాత్రం నేటికంటే చాలా తక్కువ.

ఆయన పేరిట భారత క్రికెట్ బోర్డు యువ ఆటగాళ్ళకు నిర్వహించే కల్నల్ సి.కె.నాయుడు ట్రోఫీలో 2024 ఫిబ్రవరిలో ఆంధ్ర ఓపెనర్ మామిడి వంశీకృష్ణ కడపలో రైల్వేస్ జట్టుపై ఒకే ఓవరులో ఆరు సిక్సర్లు కొట్టాడు.

దక్షిణ మండలం రోజులు

ఆంధ్ర క్రికెట్ చరిత్రలో ఎక్కువగా చిన్నచూపుకు గురైన కాలం 1953 నుండి 2002 వరకు గల అర్ధశతాబ్దం. అప్పట్లో రంజీ ట్రోఫీ మండలాల వారీగా జరిగేది. ఆంధ్ర జట్టు ఏటా మద్రాసు (తరువాత తమిళనాడు), మైసూరు (తరువాత కర్ణాటక), హైదరాబాదు, కేరళ జట్లతో తలపడేది. మండలంలో పైస్థానాలలో నిలిచినవారికే తరువాతి దశ. ఆంధ్రకు ఆ అవకాశం దక్కడం కష్టంగా ఉండేది.

దీనిని చూసి ఆనాటి ఆంధ్ర ఆటగాళ్ళకు ఆట రాదని చెప్పడం తొందరపాటు. 1960, 70 దశకాలలో మైసూరు తరఫున ఎర్రాపల్లి ప్రసన్న, బి.ఎస్.చంద్రశేఖర్, మద్రాసు తరఫున శ్రీనివాసరాఘవన్ వెంకటరాఘవన్, వి.వి.కుమార్ బౌలింగు చేసేవారు. ప్రపంచంలో అత్యుత్తమ స్పిన్నర్లలో ముగ్గురు ఒకే మండలంలో ఉండేవారన్నమాట. 1973-74లో బొంబాయి వరుసగా పదిహేను సార్లు గెలిచిన పరంపరకు అడ్డుకట్ట వేసినది కర్ణాటకయే. బ్యాంకు ఉద్యోగమో, బడి ఉద్యోగమో చేసుకుంటూ, సంవత్సరానికి నాలుగైదు మ్యాచ్‌లు మాత్రమే ఆడే ఆంధ్ర బ్యాట్స్‌మన్ వీరిని ఎదుర్కొని యాభై పరుగులు చేస్తే, ఆ యాభైకి నేటి లెక్కలో ఎంత విలువ కట్టవలెనో ఏ పట్టికా చెప్పదు.

2002-03లో మండల విధానం రద్దయి ఎలైట్, ప్లేట్ గ్రూపులు వచ్చాయి. తమ స్థాయికి తగిన జట్లతో ఎక్కువ మ్యాచ్‌లు ఆడే వీలు కలిగింది. విజయనగరం, కడప, విజయవాడ సమీపంలోని మూలపాడు వంటి చోట్ల మైదానాలు, శిక్షణ సౌకర్యాలు ఏర్పడ్డాయి. విశాఖపట్నం మధురవాడ స్టేడియంలో 2005 ఏప్రిల్‌లో మొదటి అంతర్జాతీయ వన్డే, 2016 నవంబరులో మొదటి టెస్టు జరిగాయి.

ఫలితాలు కూడా కనిపించాయి. ఎం.ఎస్.కె.ప్రసాద్ 1998లో వన్డేలలో, 1999లో టెస్టులలో వికెట్ కీపరుగా భారత జట్టుకు ఆడాడు. వై.వేణుగోపాలరావు 2004 ఫిబ్రవరిలో దులీప్ ట్రోఫీలో ఇంగ్లండు 'ఎ' జట్టుపై అజేయంగా 228 పరుగులు చేసి, 501 పరుగుల లక్ష్యాన్ని దక్షిణ మండలం ఛేదించడానికి కారకుడయ్యాడు. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో కె.ఎస్.భరత్ గోవాపై 308 పరుగులు చేసి, రంజీలో త్రిశతకం సాధించిన తొలి వికెట్ కీపరుగా నిలిచాడు. 2017లో విజయనగరంలో హనుమ విహారి ఒడిషాపై 302 నాటౌట్. 944 పరుగులు సమర్పించుకున్న జట్టు పాతికేళ్ళు తిరగకముందే త్రిశతకాలు బాదే స్థితికి చేరడాన్ని ప్రమాణాల పెరుగుదలగానే పరిగణించవలెను.

2024లో రంజీ క్వార్టర్ ఫైనల్లో ఆంధ్ర ఇండోరులో మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడింది. అంతకు ముందు ఏడాది అదే ఊరిలో, అదే జట్టుపై జరిగిన క్వార్టర్ ఫైనల్లో కుడిచేతి వాటం గల విహారి ఎడమ మణికట్టు విరిగినందున ఎడమచేతివాటానికి మారి, ఒంటిచేత్తో బ్యాటు పట్టి ఆడాడు. హెల్మెట్, ఫిజియో, వీడియో విశ్లేషణ అన్నీ ఉన్న కాలంలో కూడా ఇటువంటి సాహసం అంతరించలేదని పాతతరంవారు గమనించదగును.

కొలతలో చిక్కులు

తరాల మధ్య పోలికకు ప్రధానమైన ఆటంకం, బ్యాట్స్‌మన్, బౌలర్ ఇద్దరూ కలిసి మెరుగుపడటం. ఇద్దరూ సమానంగా ఎదిగితే సగటులో మార్పే కనిపించదు. పరుగు పందెంలో గడియారం ఉన్నది, క్రికెట్‌కు అటువంటి బయటి కొలబద్ద లేదు.

అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ బేస్‌బాల్ విషయంలో ఒక ఆసక్తికరమైన వాదన చేశాడు. ఆ ఆటలో 1941 తరువాత ప్రధాన లీగులలో .400 సగటు ఎవరికీ రాకపోవడానికి కారణం ఆటగాళ్ళు తగ్గిపోవడం కాదని, అందరి స్థాయీ పెరిగి, అత్యుత్తమునికీ సామాన్యునికీ మధ్య అంతరం కుదించుకుపోవడమని అతని అభిప్రాయం. డొనాల్డ్ బ్రాడ్‌మన్ 52 టెస్టులలో 99.94 సగటును ఆ తరువాత ఎవరూ సమీపించకపోవడానికి కూడా ఇది కొంతవరకు సమాధానం కావచ్చును. కొంతవరకే. బ్రాడ్‌మన్ తన సమకాలికులకంటే కూడా ఎంతో ఎత్తున ఉన్నాడన్నది మిగిలే ఉంటుంది.

ఇదే తర్కాన్ని ఆంధ్రకు వర్తింపజేయవచ్చు. నితీశ్ కుమార్ రెడ్డి (జననం 2003) 2017-18లో 16 ఏళ్ళలోపు బాలుర విజయ్ మర్చంట్ ట్రోఫీలో 176.41 సగటుతో 1,237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్‌పై చేసిన 441 పరుగులు కూడా ఉన్నాయి. కొత్త జట్లు చేరినప్పుడు బలవంతునికీ బలహీనునికీ మధ్య అంతరం ఒక్కసారిగా పెరిగి, ఇటువంటి అంకెలు వస్తాయి. కనుక ఆ 441ని మాత్రమే చూసి తీర్పు చెప్పరాదు. అదే ఆటగాడు 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో, ఎనిమిదవ స్థానంలో దిగి, ఆస్ట్రేలియా బౌలర్లపై చేసిన 114 పరుగులు మాత్రం ఏ తరం కొలతకైనా నిలుస్తాయి.

పరికరాలు, నిబంధనల మార్పు మరొక చిక్కు. టెస్టులో హెల్మెట్ మొదట 1978లో కనిపించింది. బ్యాట్ల అంచులు మందమైనవి. బౌండరీ తాడు ముందుకు జరిగింది. మరోవైపు, నిర్ణయ సమీక్ష పద్ధతి వచ్చిన తరువాత కాలు ముందుకు చాపి ప్యాడుతో స్పిన్‌ను అడ్డుకునే పాత పద్ధతి ప్రమాదకరమైనది.

అన్నిటికంటే పెద్ద మార్పు పరిమిత ఓవర్ల క్రికెట్‌తో వచ్చింది. 1975 జూన్ 7న లార్డ్స్‌లో ప్రపంచ కప్ తొలి రోజున ఇంగ్లండు 334 పరుగులు చేయగా, భారత్ 60 ఓవర్లలో 3 వికెట్లకు 132 పరుగులతో సరిపెట్టుకున్నది. సునీల్ గవాస్కర్ 174 బంతులాడి 36 పరుగులతో అజేయంగా నిలిచాడు. 2024 ఏప్రిల్ 20న ఢిల్లీలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఐ.పి.ఎల్. మ్యాచ్‌లో మొదటి ఆరు ఓవర్లలోనే వికెట్ నష్టపోకుండా 125 పరుగులు చేసింది. గవాస్కర్‌కు ఆట రాదని ఎవరూ అనరు. ఆయన తరానికి వికెట్ కాపాడుకోవడమే విద్య, బంతిని గాలిలోకి లేపడం దోషం. నేటి తరం నేర్చుకునే విద్య వేరు. ఈ క్రమంలో నాలుగవ రోజు పిచ్ మీద గంటల తరబడి నిలిచి ఆడే నైపుణ్యం పలచబడినదని విమర్శ కలదు. 2021 జనవరిలో సిడ్నీలో విహారి కండరం పట్టేసిన కాలితో 161 బంతులు ఆడి 23 పరుగులు మాత్రమే చేసి టెస్టును కాపాడినప్పుడు అది వార్త కావడమే ఈ విమర్శకు బలం చేకూర్చుతున్నది.

మహిళల క్రికెట్

ప్రమాణాలు అతి వేగంగా పెరిగినది మహిళల ఆటలోనే. 1973లో ఏర్పడిన భారత మహిళా క్రికెట్ సంఘం 2006లో పురుషుల బోర్డులో కలిసింది. 2022 అక్టోబరులో సమాన మ్యాచ్ రుసుము ప్రకటించారు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైంది. కడప జిల్లాకు చెందిన శ్రీచరణి 2025 ప్రపంచ కప్‌లో ఎడమచేతి స్పిన్‌తో 14 వికెట్లు తీసింది. 2025 నవంబరు 2న దక్షిణాఫ్రికాను ఓడించి భారత్ ఆ కప్పును గెలుచుకున్నది. ఇక్కడ "మా కాలమే మేలు" అనే వాదనకు తావు లేదు. పూర్వతరం క్రీడాకారిణులకు ప్రతిభ లేక కాదు, వారికి ఆడే అవకాశమే అరకొరగా దొరికేది.

కోనసీమలో

గౌతమి, వశిష్ఠ పాయల మధ్యనున్న కోనసీమ (2022 ఏప్రిల్ 4 నుండి ప్రత్యేక జిల్లా) సారవంతమైన నేల. అదే ఇక్కడ క్రికెట్‌కు అడ్డంకి అయినది. సార్వా, దాళ్వా వరి పంటలు, కొబ్బరి తోటలు, అరటి, చేపల చెరువులు పోను, ఖాళీగా వదిలే భూమి అరుదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో బడి, కళాశాల మైదానాలు తప్ప విశాలమైన జాగా తక్కువ. కాబట్టి పిల్లల ఆట సార్వా కోతలకూ దాళ్వా ఊడ్పులకూ మధ్యనున్న కొద్ది రోజులలో, సంక్రాంతి సెలవులకు, చేలలోకి చేరేది.

ఆ నేల ఆటను ఎలా మలచిందో గమనించదగినది. బంక మట్టిలో బంతి ఎత్తుగా లేవదు. వరి దుబ్బుల మీద, గట్ల మీద నేలబారు షాట్ సాగదు. కాబట్టి గాలిలోకి కొట్టడమే లాభం. కొబ్బరి తోటలో అయితే చెట్ల వరుసల మధ్య తిన్నగా కొట్టవలెను. కొబ్బరి మట్టను చెక్కి బ్యాటుగా, రబ్బరు బంతిని లేదా టెన్నిస్ బంతిని బంతిగా వాడి ఎన్నో తరాల పిల్లలు ఆట నేర్చుకున్నారు. బంతి కాలువలో పడితే అవుట్ అనే నియమం కూడా కొన్నిచోట్ల కలదు. బంతి ఖరీదు దృష్ట్యా అది న్యాయమైన నియమమే! టి-20 వచ్చిన తరువాత మెచ్చుకుంటున్న ఎత్తు షాట్లు ఈ చేలలో ఏనాటి నుండో ఉన్నవి. లేనిది పచ్చిక పిచ్ మీద కొత్త తోలు బంతిని ఎదుర్కొనే అభ్యాసం. టెన్నిస్ బంతితో ఆడేవాడు ఊపుగా వచ్చే తోలు బంతి ముందు నిలవాలంటే చిన్నతనం నుండే ఆ సాధన కావలెను. పూర్వం దానికోసం గోదావరి దాటి కాకినాడకో, రాజమండ్రికో పోవలసి వచ్చేది. యానాం - ఎదుర్లంక, చించినాడ, పాశర్లపూడి వంతెనలు లేని రోజులలో పంటు కోసం రేవులో ఎదురుచూడటంతోనే సగం పొద్దు గడిచేది.

వంతెనలు వచ్చి ప్రయాణం తగ్గింది. కానీ ఈ లోగా ఆట మరింత ముందుకు జరిగింది. ఇప్పుడు పది, పన్నెండేళ్ళకే అకాడమీలో చేరడం, బౌలింగు యంత్రం, ఏడాది పొడవునా నెట్స్ సామాన్యమైనవి. గౌతమికి అవతల కాకినాడలో పుట్టిన విహారి కూడా క్రికెట్ నేర్చినది హైదరాబాదులోనే. మొదట హైదరాబాదుకు ఆడి, తరువాత ఆంధ్రకు వచ్చాడు. నితీశ్ రెడ్డి ఎదిగినది విశాఖలో. ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లో 2022 నుండి కొన్నేళ్ళు గోదావరి టైటన్స్ పేరుతో ఒక జట్టు ఉండేది గాని, పేరుకూ గోదావరి లంకలలోని పిల్లవానికీ మధ్య ఉన్న మెట్లు చాలా ఎక్కువ.

కోనసీమ నుండి ప్రపంచ స్థాయికి చేరిన క్రీడాకారుడు క్రికెట్‌లో కాక బ్యాడ్మింటన్‌లో కనిపించడం ఈ దృష్ట్యా ఆలోచింపజేసే విషయం. అమలాపురానికి చెందిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ (జననం 2000) వ్యాయామ ఉపాధ్యాయుడైన తండ్రి ప్రోత్సాహంతో ఆట మొదలుపెట్టి, 2014లో హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీలో చేరాడు. చిరాగ్ శెట్టితో కలిసి 2022 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచి, అదే ఏడాది అక్టోబరులో పురుషుల డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానానికి చేరాడు. బ్యాడ్మింటన్ కోర్టుకు ఎకరాల నేల అక్కర లేదు, ఒక పెద్ద షెడ్డు చాలును. భూమి బంగారమైన సీమలో ఇది చిన్న సౌకర్యం కాదు.

క్రికెట్‌కు లేని కొలబద్ద కూడా ఆ ఆటకు కొంతవరకు ఉన్నది. మలేషియా ఆటగాడు తాన్ బూన్ హ్యోంగ్ 2013లో నమోదు చేసిన స్మాష్ వేగం గంటకు 493 కిలోమీటర్లు. 2023 ఏప్రిల్ 14న జపానులో సాత్విక్ కొట్టిన స్మాష్ 565 కిలోమీటర్లు. ఇవి రెండూ మ్యాచ్‌లో కాక ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన పరీక్షలలో కొలిచినవి. కాబట్టి వీటిని కూడా ఆట ప్రమాణానికి పూర్తి కొలతగా తీసుకొనరాదు. ఎదురుగా ప్రత్యర్థి లేడు.